వేదసాక్షి ఇల్లు

"పటం ఎనక్కి యాల తెచ్చినావప్పా?"

ఆరోగ్యమ్మ గొంతులో ఇంకా కోపం లేదు. అనుమానమే. కొత్త చీర మడతలు విప్పుతున్న చేతులు మాత్రం ఆగిపోయాయి.

రాయప్ప తువ్వాలు చుట్టిన పటాన్ని భోజనాల బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బయట తుంపరకు తువ్వాలు తడిసింది.

"నిన్నే అడిగేది."

"ఫాదర్ వద్దన్నాడు మా. తేరు మీద పేతురు, పౌలుల స్వరూపాలే ఉండాలంట. చిన్నప్ప పటం పెట్టగూడదంట."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

ఆ రోజు జూన్ ఇరవై తొమ్మిది. ఫాదర్లు పునీత పేతురు పౌలుల మహోత్సవం అంటారు. కన్నడ నేల మీద ఉన్న కాడుగోడిలో, తెలుగు కతోలికుల ఇళ్లలో మాత్రం అది రాయప్ప చిన్నప్పల పండగ. ఆ ఇద్దరు అపొస్తలులకు పాతకాలం నుంచి అవే పేర్లు. ఆరోగ్యమ్మ మొక్కుకుని కన్న ఇద్దరు కొడుకులకూ ఆ పేర్లే పెట్టుకుంది. పెద్దవాడు ఎదురుగా కూర్చున్నాడు. చిన్నవాడు తువ్వాలులో ఉన్నాడు.

ఏడేళ్లుగా ప్రతి పండక్కీ ఆ పటం తేరెక్కుతోంది. తాళపుచెవులు పట్టుకున్న పేతురు విగ్రహానికీ, కత్తి పట్టుకున్న పౌలు విగ్రహానికీ నడుమ, వాళ్ల పాదాల దగ్గర. పటం కింద బంగారు రంగుతో 'వేదసాక్షి చిన్నప్ప' అని రాయించింది రాయప్పే. వేదసాక్షి అంటే దేవుని కోసం ప్రాణమిచ్చినవాడు. ఆ గుడి విచారణలోని తెలుగు సంఘానికి అతనే పెద్ద.

"ఆ ఫాదరు వచ్చి ఆరు నెల్లు కాలే," అంది ఆరోగ్యమ్మ. "ఆయనకేం తెలుసు? ముందరున్న ఫాదరు అడ్డం జెప్పినాడా ఎప్పుడన్నా?"

"ముందరున్నాయన అడగలే. ఈయన అడిగినాడు."

"ఎవుర్ని?"

"చూసినోళ్లని." రాయప్ప వంటింటి వైపు తల తిప్పాడు. "గుడి వాకిట్లో తమ్ముని పేర రాయి నిలబెట్టాలని బిషప్పుగారికి అర్జీ ఇచ్చింటిమి గదా. సంతకం పెట్టే ముందర ఫాదరు, కళ్లారా చూసినోళ్లు ఎవురుండారు అని అడిగినాడంట. చిన్నప్ప వేదసాక్షి గాడు, చూసినోళ్లే చెప్పినారు అన్నాడు నాతో. నలుగురి ముందర."

రెజీనా చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. చిన్నప్ప భార్య. గుంటూరు వైపు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్లయింది. వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆస్పత్రిలో డయాలసిస్ మిషన్ల దగ్గర పనిచేస్తుంది. పండగకని ఆ రోజు సెలవు పెట్టింది.

"నేనే చెప్పాను బావగారూ," అంది.

రాయప్పకు ఆ సంగతి తెలుసు. అయినా ఆమె అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అనుకోలేదు. అతని దగ్గరున్న మాటలన్నీ ఆమె కాదంటుందనే లెక్కలో తయారైనవి.

ఆరోగ్యమ్మ చీరను మంచం మీద పెట్టింది.

"ఏమని చెప్పినావు?"

"జరిగింది చెప్పాను అత్తయ్యా."

"జరిగింది ఊరందరికీ తెలుసు. నువ్వు కొత్తగా చెప్పేదేముండాది?"

ఊరందరికీ తెలిసిన కథ ఇది. ఏడేళ్ల కిందట ఇదే పండగ నాడు, ట్రాక్టర్ మీద కట్టిన తేరు సంత వీధిలోకి తిరిగింది. పైనున్న కరెంటు తీగ తెగి, తేరు మీద దేవదూతల వేషంలో కూర్చున్న పిల్లల మీద పడబోయింది. చిన్నప్ప ఎగిరి ఆ తీగను రెండు చేతులతో పట్టుకున్నాడు. దూకండి, దూకండి అని అరిచాడు. పిల్లలంతా దూకారు. ఆయన దూకలేకపోయాడు. ఆ పిల్లల్లో ఆయన కూతురు వర్షిణి కూడా ఉంది.

"తీగ తెగలేదు అత్తయ్యా," అంది రెజీనా.

రాయప్ప కుర్చీ వెనక్కి జరిపాడు.

"తేరు మీద బల్బుల తోరణం ఒక పక్కకి ఒరిగింది. అందుకే ట్రాక్టర్ ఆపారు. పిల్లల్ని దించేసి, ఎదురింటివాళ్లు మజ్జిగ ఇస్తుంటే అరుగు మీద కూర్చోబెట్టాం. ఆయన ఇనప పైపు తీసుకుని పైకెక్కారు, తోరణం నిలబెడదామని. పైపు వెళ్లి తీగకు తగిలింది. అంతే. అప్పటికి తేరు మీద పిల్లలెవరూ లేరు."

"నువ్వు సరిగ్గా చూసుండవు."

"వర్షిణి రెక్కకి పిన్నీసు పెడుతున్నాను. ఆయన కాళ్లు నా కళ్ల ఎదురుగానే ఉన్నాయి."

రాయప్ప లేచి నిలబడ్డాడు. "ఇదంతా అప్పుడే చెప్పాలిగదా! నేను జనరేటర్ దగ్గర ఎనకుంటిని, నాకు తెలీదు. నీకు తెలుసు. ఏడేండ్లు నోట్లో ఏం పెట్టుకున్నావు? ప్రతి పండక్కీ కొవ్వొత్తి పట్టుకుని పటం ముందర నడిచినావు గదా!"

"నడిచాను."

"యాల నడిచినావు?"

రెజీనా అత్త వైపు చూసింది. సమాధి చేసి వచ్చాక నాలుగు రోజులు ఆరోగ్యమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అయిదో రోజు పరామర్శకొచ్చిన ఎవరో, పిల్లల కోసం ప్రాణమిచ్చాడమ్మా నీ కొడుకు, వేదసాక్షి చావు చచ్చాడు అన్నారు. అవునా రెజీనా, అని ఆరోగ్యమ్మ అడిగింది. రెజీనా తలూపింది. ఆ పూట ఆరోగ్యమ్మ అన్నం తింది. నలభయ్యో రోజు కార్యానికి కథ పూర్తిగా తయారైంది, తీగ, చేతులు, అరుపు అన్నీ చేరాయి. ఆ తర్వాత కాదనడానికి ఎవరికీ సందు దొరకలేదు.

"అత్తయ్య అడిగారు. ఔనన్నాను," అంది. అంతకు మించి చెప్పలేదు.

"మరి ఇప్పుడు ఏం మునిగిందని?"

"వర్షిణి రేపు పొద్దున సిస్టర్ల మఠానికి వెళ్తోంది."

"పోనీ! దేవుని పిలుపొచ్చింది. నీకిష్టం లేకుంటే ఇష్టం లేదని చెప్పు. దానికోసం చచ్చినోని పేరు తీసేదేంది?"

"వెళ్లడం ఇష్టమే బావగారూ. ఎందుకు వెళ్తున్నావు అని అడిగితే, నాన్న నా కోసం చనిపోయాడు, నేను ఊరికే బతకకూడదు అంది. పద్దెనిమిదేళ్ల పిల్ల. ఫాదర్ గారు అడిగిన రోజు నాకు ఆ మాటే చెవుల్లో ఉంది. ఆయన గుడిలో పీఠం ముందు నిలబెట్టి అడిగారు. అబద్ధం చెప్పలేకపోయాను."

ఆరోగ్యమ్మ చాలాసేపు పటం వంక చూసింది. తువ్వాలు విప్పలేదు.

"నా కొడుకును అప్పుడు కరెంటు చంపింది," అంది చివరికి, మామూలు గొంతుతో. "ఇప్పుడు నువ్వు చంపినావు. నేను తేరుకు రాను."

లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు మాత్రం రాలేదు.

రాయప్ప వెళ్లిపోయాడు. వాకిట్లో ఆగి, సంఘం బ్యాడ్జి చొక్కా మీంచి తీసి జేబులో వేసుకున్నాడు.

*

వర్షిణి వచ్చేసరికి మటన్ కూర చల్లారిపోయింది. గుడిలో పూల పని చేసి వచ్చింది. జుట్టు తడిగా ఉంది, గోళ్ల సందుల్లో గులాబీ రేకుల ఎరుపు.

"పటం ఎందుకు దించారని ఫాదర్‌ని అడిగానమ్మా. మీ అమ్మనే అడుగు అన్నారు."

ఆరోగ్యమ్మ గది తలుపు వంక చూసి రెజీనా మిద్దె మీదికి నడిచింది. వర్షిణి వెనకే వెళ్లింది. రేకుల కింద ఆరేసిన బట్టలు అటూ ఇటూ ఊగుతున్నాయి. దూరంగా మెట్రో రైలు కూత లేకుండా పోయింది.

రెజీనా అంతా చెప్పింది. కింద చెప్పినదానికంటే నెమ్మదిగా చెప్పింది గాని, మాట మార్చలేదు.

వర్షిణి తీగ మీది దిండు గలీబు తీసి మడతపెట్టడం మొదలెట్టింది. అది ఇంకా ఆరలేదు.

"కాదు," అంది. "నాకు గుర్తుంది. నాన్న 'దూకు' అన్నాడు. నాకు వినిపించింది. సీరియస్‌గా చెప్తున్నా అమ్మా, ఇప్పటికీ వినిపిస్తది."

"దూకు అన్నది నేను."

"నువ్వా?"

"నీ రెక్క తీగ వీపులో గుచ్చుకుంటోందని ఏడ్చావు. ట్రాక్టర్ మీంచి దించుకోవడానికి చేతులు చాచి, దూకు అన్నాను. నువ్వు దూకావు. అప్పటికి మీ నాన్న ఇంకా పైకే ఎక్కలేదు."

"అంటే నన్నెవరూ కాపాడలేదా?"

"నీకు ఆపదే రాలేదమ్మా."

వర్షిణి మడతపెట్టిన గలీబును మళ్లీ విప్పింది.

"స్కూల్లో ప్రతి సంవత్సరం నన్ను స్టేజి మీద నిలబెట్టేవాళ్లు తెలుసా? వేదసాక్షి కూతురు అని. చప్పట్లు కొట్టేవాళ్లు. నేను మార్కులు తక్కువ తెచ్చుకుంటే టీచర్ కొట్టేది కాదు. మీ నాన్న చూస్తున్నాడమ్మా అనేది. అంతే. దెబ్బలకంటే అది... నీకు తెలుసా అది ఎట్లుంటుందో?"

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"నేను వేదసాక్షి భార్యని కదా. ఆస్పత్రిలో ఎవరితోనన్నా నవ్వుతూ మాట్లాడితే సాయంత్రానికి మీ పెదనాన్నకి చేరేది."

వర్షిణికి నవ్వు రాబోయింది. రానివ్వలేదు.

"నాన్న ఆఖరికి ఏమన్నాడు?"

రెజీనా ఈ ప్రశ్న కోసం ఏడేళ్లుగా ఎదురుచూడలేదు. అందుకని జవాబు సిద్ధంగా లేదు. ఉన్నది ఉన్నట్టే వచ్చింది.

"బల్బులు వంకరగా ఉన్నాయి, చూసేవాళ్లు నవ్వుతారు అన్నాడు."

"అంతేనా?"

"అంతే. ఆయనకి ఏది వంకరగా ఉన్నా కుదిరేది కాదు. గోడ మీద క్యాలెండరు కూడా రోజూ సరిచేసేవాడు."

వర్షిణి పిట్టగోడ దగ్గరకు వెళ్లి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. రెజీనా దగ్గరకు వెళ్లబోయి ఆగింది. ఆ వీపు మీద చెయ్యి వేయడానికి అది సమయమో కాదో ఆమెకు తేలలేదు.

"ముందే చెప్పాల్సింది," అంది వర్షిణి వెనక్కి తిరగకుండా.

"ఔను."

"పన్నెండేళ్లప్పుడో పదమూడేళ్లప్పుడో చెప్పుంటే నేను వేరే మనిషిని అయ్యుండేదాన్ని."

"ఔను."

"అన్నిటికీ ఔను అనకమ్మా. పోట్లాడు నాతో."

రెజీనా పోట్లాడలేదు. అది ఆమెకు ఎప్పుడూ చేతకాలేదు. ఆ ఇంట్లో చాలా సంగతులు అందుకే ఏళ్ల తరబడి అలా ఉండిపోయాయి.

కాసేపటికి వర్షిణి కళ్లు తుడుచుకుని తిరిగింది.

"నేను రేపు వెళ్తా."

"నాన్న కోసమా?"

"కాదు."

"మరి?"

"ఈ ఇంట్లో ఉండలేను గనక."

ఆ మాట అని ఆమె కిందికి వెళ్లిపోయింది. రెజీనా తీగ మీద మిగిలిన బట్టలు తీసింది. అన్నీ తడిగానే ఉన్నాయి. మళ్లీ ఒక్కొక్కటే ఆరేసింది.

*

మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా తినలేదు. పండగ కూర గిన్నెలోనే ఉండిపోయింది.

మూడు దాటాక ఆరోగ్యమ్మ తలుపు తీసుకుని వచ్చింది. కొత్త చీర కాదు, రోజూ కట్టుకునేదే కట్టుకుంది. చెప్పులు వేసుకుంటూ ఎవరి వంకా చూడకుండా అంది, "ఆ ఫాదర్ను నేను అడగాల. గొడుగు యాడుండాది?"

రెజీనా గొడుగు తీసుకుని వెంట నడిచింది. రావద్దని ఆరోగ్యమ్మ అనలేదు.

గుడి ఆవరణలో తేరు ముస్తాబవుతోంది. ఎర్ర గులాబీలు, ఎర్ర గుడ్డలు. వేదసాక్షుల పండగ గనక అంతా ఎరుపే. రెండు స్వరూపాలూ అప్పటికే పైకెక్కాయి. నడుమ ఖాళీ ఉంది. పూలు కట్టే ఆడవాళ్లు ఆరోగ్యమ్మను చూసి మాటలాపారు. ఆమె ఆ ఖాళీని చూసీ చూడనట్టు దాటి ఆఫీసు వరండా ఎక్కింది.

ఫాదర్ బాలశౌరికి నలభై ఏళ్లుంటాయి. నెల్లూరు మనిషి. ఆమెను చూడగానే లేచి కుర్చీ జరిపాడు. ఆరోగ్యమ్మ కూర్చోలేదు.

"ఫాదర్, నా కొడుకు సుమ్మనే చచ్చిపోయినాడా? ఊరికేనా?"

ఆయన చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"దానికి నా దగ్గర జవాబు లేదమ్మా," అన్నాడు. "పండగ పని చేస్తూ పోయాడు. మంచివాడని అందరూ చెప్తున్నారు. అది నేను కాదనడం లేదు. వేదసాక్షి అనే మాట మాత్రం నేను ఇవ్వలేను. విశ్వాసం కోసం ప్రాణం అడిగినప్పుడు ఇచ్చినవాళ్లు వేదసాక్షులు. మీ అబ్బాయిని ఎవరూ అడగలేదు."

"అడిగింటే ఇచ్చేవాడు."

"ఇచ్చేవాడేమో."

"ఆ మాటొకటి తీసేస్తే నాకేం మిగిలుండాది? కండ్లు లేని తల్లిని చేస్తివి నన్ను. పండగ నాడు ఊరంతా నా ఇంటికొచ్చేది. పటానికి దండేసి, అమ్మా మీ కొడుకుతో మా గురించి చెప్పు అనేవాళ్లు. కడుపుతో ఉండేవాళ్లు వచ్చేవాళ్లు. నేను బేజారు పడకుండా బతికినానంటే దానితోనే ఫాదర్."

ఫాదర్ బాలశౌరి తల దించుకుని విన్నాడు. తర్వాత అడిగాడు.

"చిన్నప్ప ఆత్మ కోసం పూజ ఎప్పుడు చెప్పించారమ్మా?"

"పూజ యాల?" ఆరోగ్యమ్మకు ప్రశ్న అర్థం కాలేదు. "నలభయ్యో దినం చెప్పించినాం. ఆ తర్వాత యాల? వేదసాక్షులకు పూజలు చెప్పించరు గదా. నేరుగా మోక్షానికి పోయినోడు. వాడే మనకోసరం ప్రార్థన చెయ్యాల."

"సమాధుల పండక్కి, చనిపోయినవాళ్ల ప్రార్థనలో చదవడానికి పేరు ఇచ్చారా?"

"మా ఆయన పేరు ఇస్తా. మా అత్త మామల పేర్లు ఇస్తా. చిన్నప్ప పేరు..."



వరండా రేకు మీద వాన చప్పుడు ఎక్కువైంది. ఆరోగ్యమ్మ నెమ్మదిగా కుర్చీ కోసం చేత్తో తడిమి కూర్చుంది. ఆమె ముఖంలో ఏదీ మారలేదు. చెయ్యి మాత్రం కుర్చీ అంచును వదల్లేదు.

"అయితే, ఫాదర్," అంది. "నా బిడ్డ మామూలుగా చచ్చిపోయింటే... అందరి లాగానే చచ్చిపోయింటే... ఏడేండ్లుగా వాని కోసరం ఎవురూ ప్రార్థన చెయ్యలే. ఊరోళ్ల కష్టాలన్నీ తెచ్చి వాని నెత్తిన పెడితిమి. వానికేం కావాలో అడగలే. నేను, తల్లిని, అడగలే."

ఫాదర్ ఏదో చెప్పబోయాడు. వెనక నుంచి రెజీనా గొంతు వినిపించింది.

"నేను చేశాను అత్తయ్యా."

ఆరోగ్యమ్మ తల తిప్పింది.

"ఏం చేసినావు?"

"ఆయన కోసం ప్రార్థన. రోజూ. ఆయన వేదసాక్షి కాదని నాకు తెలుసు కదా."

"ఎప్పుడు చేసేదానివి? నేను ఒక్కసారి కూడా చూడలే."

"జపమాలలో. మీరు ఆయన్ని సహాయం అడిగేటప్పుడు, నేను పక్కన కూర్చుని ఆయన కోసం దేవుణ్ణి అడిగేదాన్ని. మనసులో."

అత్తా కోడళ్లు ఏడేళ్లు ఒకే చాప మీద మోకరించి, ఒకే జపం చెప్పి, ఒకరు ఆయన్ని వేడుకున్నారు, ఒకరు ఆయన కోసం వేడుకున్నారు. ఆరోగ్యమ్మ కోడలిని పైనుంచి కింది దాకా చూసింది, ఇంట్లో కొత్తగా అద్దెకు దిగిన మనిషిని చూసినట్టు.

ఆమె కోడలిని దగ్గరకు తీసుకోలేదు. క్షమించానని అనలేదు. ఫాదర్ వైపు తిరిగి, "ఈ పొద్దే చెప్తారా పూజ?" అని అడిగింది.

"ఈ రోజు మహోత్సవం అమ్మా. సాయంత్రం పూజ పండగదే. రేపు పొద్దున ఆరింటి పూజ చిన్నప్ప కోసం చెప్తాను."

"పేరు ముందర ఏమీ పెట్టొద్దండి. చిన్నప్ప అని మాత్రం చదవండి."

మెట్లు దిగుతుంటే ఆమె కాలు జారింది. రెజీనా చెయ్యి పట్టుకుంది. ఆరోగ్యమ్మ చెయ్యి విడిపించుకోలేదు.

"గొడుగు సరిగ్గా పట్టు," అంది. "నువ్వు తడుస్తా ఉండావు."

*

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. పూజ ముగిసి తేరు కదిలింది. బ్యాండు ముందు, కొవ్వొత్తులు పట్టుకున్న ఆడవాళ్లు రెండు వరసలుగా వెనక. తెలుగు పాట ఒక చరణం, కన్నడ పాట ఒక చరణం.

తేరు మీద పటం లేదని అందరూ చూశారు. కొందరు ఆరోగ్యమ్మ వైపు చూశారు. ఆమె పాత చీరలోనే, వరసలో అందరి మధ్యా నడుస్తోంది. ఈ ఏడేళ్లలో ఆమె ఎప్పుడూ తేరుకు ముందే నడిచింది. వెనక నడవడం అలవాటు లేక ముందున్న మనిషి మడమ తొక్కింది. క్షమించమ్మా అంది.

ఎవరో ఒకామె పక్కకొచ్చి మెల్లగా అడిగింది. "ఏమక్కా, ఏందో గలాట అంట గదా? చిన్నప్ప పటం యాల పెట్టలే?"

"వాడు ఇంట్లో ఉండాడు," అంది ఆరోగ్యమ్మ. "రేపు పొద్దున వాని పూజ ఉండాది. రా."

రాయప్ప రాడనుకున్నారు గాని వచ్చాడు. బ్యాడ్జి లేదు. ట్రాక్టర్ పక్కన పొడుగాటి వెదురుగడ పట్టుకుని, తల పైకెత్తి కరెంటు తీగల వంకే చూస్తూ నడుస్తున్నాడు. తల్లి వంక చూడలేదు. రెజీనాను అసలే చూడలేదు. సంత వీధి మలుపు దగ్గర అతను చెయ్యెత్తితే ట్రాక్టర్ ఆగింది. తీగలకూ తోరణానికీ మధ్య ఎంత సందుందో చూసుకుని, మళ్లీ చెయ్యి ఊపాడు. తేరు మలుపు తిరిగింది.

ఆ మలుపులోనే ఎదురింటి అరుగు ఉంది. ఇప్పుడక్కడ మొబైల్ రీచార్జి కొట్టు. వర్షిణి వరస వదిలి ఆ కొట్టు ముందు ఆగిపోయింది. అరుగు నుంచి ట్రాక్టర్‌కు, ట్రాక్టర్ నుంచి తీగలకు, మళ్లీ అరుగుకు ఆమె చూపు తిరిగింది. రెజీనా కూడా ఆగింది, నాలుగు అడుగుల దూరంలో.

"ఇక్కడా?" అంది వర్షిణి.

"ఇక్కడే."

"ఇంత దగ్గరా!"

వర్షిణి ఇంకేదో అడగబోయేంతలో సిస్టర్ కార్మెల్ వాళ్ల దగ్గరకొచ్చింది. కడప దగ్గర మఠంలో కొత్తగా చేరే అమ్మాయిలను చూసుకునే మనిషి ఆవిడే. రెండు రోజుల నుంచి ఇక్కడి కాన్వెంటులో ఉంది. పొద్దున్నుంచి జరిగిందంతా ఆవిడ చెవిన పడే ఉంటుంది. పడినట్టు కనిపించలేదు.

"రేపటికి అంతా సర్దుకున్నావామ్మా? రైలు ఆరున్నరకే. ఆరింటికల్లా స్టేషన్లో ఉండాలి మనం."

ఆరు అనగానే రెజీనా కూతురి వంక చూసింది. ఆరోగ్యమ్మ మధ్యాహ్నం ఇంటికి రాగానే మనవరాలికి ఒక్క మాటే చెప్పింది: రేపు ఆరింటికి మీ నాయన పూజ. రమ్మని గాని, వద్దని గాని అనలేదు.

వర్షిణి కొవ్వొత్తి చుట్టూ ఉన్న కాగితం సరిచేసుకుంది.

ఆగమని చెప్పాలనిపించింది రెజీనాకు. చెప్తే ఆగుతుందేమో. లేదా చెప్పినందుకే వెళ్తుందేమో. ఆ పొద్దు నోరు తెరిచి తను చెప్పిన ప్రతి మాటా అనుకున్న చోటికి కాక వేరే చోటికి వెళ్లింది. పెదవులు బిగించి నిలబడింది.

"సిస్టర్," అంది వర్షిణి. "ఆ రైలు తర్వాత ఇంకో రైలు ఉందా?"

సిస్టర్ కార్మెల్ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత తల్లి ముఖంలోకి చూసింది.

"మధ్యాహ్నం ఒకటుంది. కానీ నాకు రేపు సాయంత్రం మఠంలో పని ఉంది, నేను పొద్దున రైలుకే వెళ్లిపోతాను. తర్వాతి దానికి నిన్ను తీసుకెళ్లడానికి ఎవరూ ఉండరు. రావాలనుకుంటే నువ్వొక్కదానివే రావాలి."

"ఒక్కదాన్నేనా?"

"ఒక్కదానివే."

వర్షిణి తలూపింది. అది వస్తానన్న తలూపో, అర్థమైందన్న తలూపో రెజీనాకు తెలియలేదు. కూతురు కొవ్వొత్తి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, తల్లి కోసం ఆగకుండా, వరసలో అవ్వ పక్కకు వెళ్లి నడవసాగింది.